అశ్వత్థామకి విముక్తి ఉందా? 'కల్కి 2898 ఏడీ' చూశాక మిగిలిన ఒక ప్రశ్న



ఈ వారం వీడియోలో అశ్వత్థామ శాపం కథ చెప్పుకున్నాం. కథ వరకు ఆ కొద్ది నిమిషాల్లో పట్టింది గానీ, దాని గురించి నా మనసులో తిరుగుతున్న ప్రశ్న పట్టలేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకు భారతం చదువుతుంటే రాలేదు. సినిమా హాల్లో కూర్చుని ఉంటే వచ్చింది.

నాగ్ అశ్విన్ గారి 'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27న విడుదలైంది. మా తమ్ముడు మొదటి రోజే చూసేశాడు. నేను రెండో వారంలో, అదీ వాడి పోరు పడలేక వెళ్లాను. సైన్స్ ఫిక్షన్ సినిమాలు నేను పెద్దగా చూడను. ఒక సినిమా అర్థం కావాలంటే ముందు ఇంకో పది చూసి రావాలంటే నాకు ఓపిక ఉండదు. ఇది కూడా అలాంటి ఒక పెద్ద 'సినిమాటిక్ యూనివర్స్'కి మొదటి మెట్టు అన్నారు. సరే, ఇది మనవాళ్లు కట్టిన లోకం కదా, చూద్దాం అనుకున్నాను.

చూశాను. ఎండిపోయిన గంగ, ప్రపంచంలో మిగిలిన ఆఖరి నగరంగా కాశీ, దాని పైన ఆకాశంలో తలకిందులుగా నిలబెట్టిన పిరమిడ్ లాంటి కాంప్లెక్స్. నీళ్లు, చెట్లు, పళ్లు అన్నీ పైన. ఆకలి, దుమ్ము అన్నీ కింద. ఆ పైకి వెళ్లడానికి కావలసిన యూనిట్లు కూడబెట్టడమే జీవితంగా బతికే భైరవ, వాడితో మాట్లాడే బుజ్జి అనే కారు. ఇంకో పక్క ఎవరికీ కనపడకుండా దాక్కున్న శంభల. కొన్ని చోట్ల అబ్బ అనిపించింది, కొన్ని చోట్ల ఇది ఇంకెక్కడో చూశామే అనిపించింది. మూడు గంటల సినిమాలో కొంత సాగదీత కూడా ఉంది. బయటికొచ్చాక తమ్ముడు "ఎలా ఉంది?" అంటే "బానే ఉంది" అన్నాను. అంతకంటే సమీక్ష రాసేంత జ్ఞానం నాకు లేదు.

కానీ ఒక్క మనిషి మాత్రం నాతో పాటు ఇంటికొచ్చేశాడు. అమితాబ్ బచ్చన్ గారు వేసిన అశ్వత్థామ. ఒళ్లంతా కట్లతో, పాత గుడిలో, శివలింగం దగ్గర, వేల ఏళ్లుగా ఎదురుచూస్తున్న ముసలివాడు. (ఇకపైన కథలోని ముఖ్యమైన విషయాలు చెప్పక తప్పదు. సినిమా చూడనివాళ్లు చూశాక చదువుకోండి.)

సినిమా అయిపోయాక అందరూ కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని వాదించుకున్నారు. కలియుగం 4,32,000 సంవత్సరాలు అయితే ఇంత తొందరగా కల్కి ఎలా వస్తాడు అని ఇంకొందరు. అవి తేలే వాదనలు కావు. నాకు మాత్రం సినిమాలో అసలు విషయం ఇంకొకటి అనిపించింది. ఒకప్పుడు ఒక తల్లి కడుపులో ఉన్న బిడ్డ మీదకి అస్త్రం వదిలినవాడే, ఇప్పుడు ఇంకో తల్లి కడుపులో ఉన్న బిడ్డకి కాపలా కాస్తున్నాడు.

ఇది ఊరికే కథలో మలుపు కాదు. చాలా పెద్ద ధర్మ సందేహం. అంత ఘోరం చేసినవాడికి దాన్ని సరిచేసుకునే హక్కు అసలు ఉంటుందా?

అతను చేసిందేమిటి?

సినిమా ఈ భాగాన్ని త్వరగా దాటేస్తుంది. మనం దాటకూడదు.

ముందు అతనికి జరిగిన అన్యాయం చూడాలి. ద్రోణుడి చేత ఆయుధం కింద పెట్టించడానికి పాండవ పక్షం వాడింది ఇతని పేరునే. అశ్వత్థామ అనే ఏనుగుని చంపి, అశ్వత్థామ చనిపోయాడని ప్రచారం చేశారు. ఎప్పుడూ అబద్ధం ఆడని ధర్మరాజు నోటి నుంచి ఆ సగం నిజం వినేసరికి ద్రోణుడు కుప్పకూలిపోయాడు. యోగంలో కూర్చున్న ఆయన తలని ధృష్టద్యుమ్నుడు నరికాడు. అంటే కొడుకు పేరే తండ్రి చావుకి ఆయుధం అయింది. ఆ కొడుకు కోపంలో న్యాయం లేదని ఎవరూ అనలేరు.

కానీ ఆ కోపంతో అతను చేసింది వేరు. పద్దెనిమిది రోజుల యుద్ధం అయిపోయింది. తొడలు విరిగిన దుర్యోధనుడు కొన ఊపిరితో ఉన్నాడు. ఆ రాత్రి మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ వచ్చి చంపడం చూశాడు అశ్వత్థామ. ఆలోచన అక్కడ పుట్టింది. మేనమామ కృపాచార్యుడు వద్దన్నాడు. నిద్రలో ఉన్నవాళ్లని చంపడం ధర్మం కాదన్నాడు. వినలేదు. శిబిరంలోకి వెళ్లి ధృష్టద్యుమ్నుణ్ణి, ద్రౌపది ఐదుగురు కొడుకుల్ని, ఇంకా ఎంతోమందిని నిద్రలోనే చంపాడు. ఉపపాండవులు అతని తండ్రిని చంపలేదు. వాళ్లు వేరే తల్లి పిల్లలు, అంతే.

మర్నాడు పాండవులు వెతుక్కుంటూ వస్తే, గడ్డిపరకని మంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రం వదిలాడు. అర్జునుడూ దానికి ఎదురు వదిలాడు. లోకం తగలబడిపోతుందని వ్యాసుడు, నారదుడు అడ్డుపడి, వెనక్కి తీసుకోండి అన్నారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకి తీసుకోవడం రాదు. వదలడం నేర్చుకున్నాడు గానీ ఆపడం నేర్చుకోలేదు. అప్పుడు దాన్ని పాండవ వంశపు గర్భాల మీదకి మళ్లించాడు. ఉత్తర కడుపులో ఉన్న పరీక్షిత్తు మీదకి.

కృష్ణుడి శాపం అప్పుడు పడింది. మూడు వేల సంవత్సరాలు తోడు లేకుండా, ఎవరితోనూ మాట్లాడే వీలు లేకుండా, నెత్తురు, చీము వాసనతో, రోగాలతో అడవుల్లో తిరుగుతావని. చావు లేకపోవడమే శిక్ష.

ఇద్దరు ద్రౌపదులు

ఇక్కడ మన గ్రంథాల్లో నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది.

భారతంలో ద్రౌపది ఊరుకోలేదు. ఆ పాపిని శిక్షించకపోతే ఇక్కడే అన్నం మానేసి ప్రాణం వదులుతానని కూర్చుంది. అతని తల మీద పుట్టుకతో వచ్చిన మణి తెచ్చి చూపించమంది. మణి తెచ్చి ఇచ్చాకే లేచింది.

భాగవతంలో ద్రౌపది ఇంకోలా ఉంటుంది. అర్జునుడు అశ్వత్థామని కట్టి తెచ్చి ఆమె ముందు పడేస్తాడు. ఆమె వదిలేయమంటుంది. గురువుగారి కొడుకు, వాళ్లమ్మ కృపి ఇంకా బతికే ఉంది, నేను పిల్లల కోసం ఏడుస్తున్నట్టు ఆమె ఏడవకూడదు అంటుంది. తెలుగులో పోతన గారి చేతిలో ఈ ఘట్టం చదివితే కళ్లు తడవకుండా ఉండవు.

ఏ ద్రౌపది నిజం? నాకు ఇద్దరూ నిజమే అనిపిస్తుంది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి శిక్ష కోరుకోవచ్చు. అది తప్పు కాదు. అదే తల్లి ఇంకో తల్లి కడుపుకోత ఊహించి వదిలేయనూ వచ్చు. అది గొప్ప. కానీ వదిలెయ్ అని ఆమెకి చెప్పే హక్కు పక్కవాళ్లకి లేదు. భాగవతంలో కూడా క్షమ ద్రౌపది నోటి నుంచే వచ్చింది, ఆమె మీద ఎవరో రుద్దింది కాదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర భక్తి పేరుతో ఒక మాట తేలిగ్గా అనేస్తాం. "పోనీలే, దేవుడే చూసుకుంటాడు, నువ్వు క్షమించెయ్." దెబ్బ తిన్నవాళ్లకి ఆ మాట ఇంకో దెబ్బ. మోసపోయిన స్నేహితుడికో, ఇంట్లో హింస పడిన అక్కకో ఆ మాట చెప్పే ముందు భారతంలో ద్రౌపదిని ఒక్కసారి గుర్తు చేసుకుందాం.

శిక్ష వేరు, క్షమ వేరు, ప్రాయశ్చిత్తం వేరు

ఇంతకాలం నేను ఈ మూడింటినీ కలిపేసి ఆలోచించేదాన్ని. సినిమా చూశాక విడివిడిగా కనిపించాయి.

శిక్ష బయటి నుంచి వస్తుంది. రాజు వేస్తాడు, కోర్టు వేస్తుంది, కథల్లో అయితే కృష్ణుడు వేస్తాడు. తప్పు చేసినవాడికి ఇష్టం ఉన్నా లేకపోయినా పడుతుంది. క్షమ బాధపడినవాళ్ల చేతిలో ఉంటుంది. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ప్రాయశ్చిత్తం ఒక్కటే తప్పు చేసినవాడి చేతిలో ఉండేది.

మనుస్మృతి పదకొండో అధ్యాయంలో ప్రాయశ్చిత్తాల గురించి చాలా ఉంది. అందులో పాపం నుంచి బయటపడే దారులు చెప్తూ మొట్టమొదట చెప్పింది, చేసిన తప్పుని నోటితో బయటికి చెప్పుకోవడం. తర్వాత పశ్చాత్తాపం, తపస్సు, అధ్యయనం. ఇవేవీ చేతకాని ఆపదలో దానం. వరస గమనించండి. మనం సాధారణంగా చివరిదానితో మొదలుపెడతాం. హుండీలో వేసేస్తాం, అన్నదానానికి రాయించేస్తాం. మొదటిది మాత్రం నోటి దాకా రాదు.

ఇప్పుడు అశ్వత్థామ శాపాన్ని మళ్లీ చూడండి. ఎవరితోనూ మాటలుండవు. అంటే చెప్పుకోవడం అనే మొదటి మెట్టే అతనికి లేదు. బాధ ఉంది, నెత్తురు ఉంది, వేల ఏళ్ల కాలం ఉంది. కానీ బాధ ఎంత పడినా అది తనంతట తాను ప్రాయశ్చిత్తం అయిపోదు. జైల్లో పదేళ్లున్నవాడు మారి వస్తాడని గ్యారంటీ లేదు కదా. పడిన బాధ లెక్క వేరు, మారిన మనసు లెక్క వేరు.

సినిమా అతనికి ఇచ్చింది ఇదే. బాధతో పాటు ఒక పని. అదీ ఏ పని? గుళ్లు కట్టించడం కాదు, తీర్థయాత్రలు కాదు. ఎక్కడ తప్పు చేశాడో సరిగ్గా అక్కడే. కడుపులో బిడ్డ.

మా బంధువుల్లో ఒక పెద్దాయన ఉన్నారు. పేరూ ఊరూ చెప్పను. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లి నుంచి రాత్రిపూట కారు నడుపుకుంటూ వస్తూ, కునుకు పట్టి, ఊరి చివర సైకిల్ మీద వెళ్తున్న కుర్రాణ్ణి గుద్దేశారు. ప్రాణం దక్కింది గానీ ఒక కాలు తీసేయాల్సి వచ్చింది. కేసు నడిచింది, జరిమానా కట్టారు, నష్టపరిహారం వెళ్లింది. ఆయన తిరుపతిలో తలనీలాలు ఇచ్చారు. శ్రీశైలంలో అభిషేకాలు చేయించారు. ప్రతి కార్తీక మాసం అన్నదానం. అయినా రాత్రి నిద్ర ఉండేది కాదని పెద్దమ్మ చెప్పేది. ఆ రోడ్డు మీదుగా వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేవారు.

రిటైరయ్యాక ఒక రోజు ఆయన ఆ రోడ్డుకే వెళ్లారు. అక్కడో స్కూలుంది. పొద్దున్న, సాయంత్రం పిల్లలు రోడ్డు దాటే టైముకి ఒక ఎర్ర జెండా పట్టుకుని నిలబడడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వానొస్తే గొడుగేసుకుని నిలబడతారు. ఆ కుర్రాడి తల్లి అప్పుడప్పుడు ఆ దారిన వెళ్తుంది. ఈయన ఎవరో ఆవిడకి తెలుసు. ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు.

నేనొకసారి అడిగాను. "పెదనాన్నా, ఆవిడ ఎప్పటికైనా మాట్లాడితే బాగుండు అనిపించదా?"

ఆయన కొంచెంసేపు ఊరుకుని, "ఆవిడ మాట్లాడాలని నిలబడితే అది బేరం అవుతుందమ్మా. పిల్లలు దాటాలని నిలబడుతున్నా" అన్నారు.

సినిమాలో ఆ ముసలి అశ్వత్థామ లేచి నిలబడినప్పుడు హాలంతా ఈలలు. నాకు మాత్రం ఎర్ర జెండా గుర్తొచ్చింది.

ఒక చిన్న లెక్క

సినిమా పేరులోని సంవత్సరం గురించి ఒక మాట. మన పంచాంగాల లెక్కలో కలియుగం క్రీస్తు పూర్వం 3102లో మొదలైంది. 3102కి 2898 కలిపితే 6000. అంటే సినిమా కథ కలియుగం మొదలైన ఆరు వేల ఏళ్లకి జరుగుతోంది.

భారతంలో శాపం మూడు వేల ఏళ్లు. కలియుగానికి కొద్ది ముందు పడిన శాపం కాబట్టి, ఈ లెక్కన అది క్రీస్తు పూర్వమే తీరిపోయి ఉండాలి. సినిమా ఈ మూడు వేల లెక్కని పట్టించుకోలేదు, అక్కడ అతని నిరీక్షణ కల్కి కోసం. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకో ఆలోచన వచ్చింది. శిక్ష తీరిపోయాక కూడా ఇంకో మూడు వేల ఏళ్లు అతను తన తప్పు దగ్గరే నిలబడి ఉన్నాడంటే, ఆ మొదటి మూడు వేలు కృష్ణుడు వేసినవి, ఆ తర్వాతవి అతను తనకి తానే వేసుకున్నవి. మా పెదనాన్న గారి కేసు కూడా కోర్టులో ఎప్పుడో కొట్టేశారు. జెండా పట్టుకోవడం ఆ తర్వాతే మొదలైంది.

సినిమా దగ్గర నాకు తృప్తి లేని చోటు కూడా చెప్పాలి. శాపం ఇచ్చేటప్పుడే కృష్ణుడు విముక్తి దారి కూడా చెప్పేస్తాడు. కల్కిని మోసే తల్లిని కాపాడే అవకాశం నీకొస్తుందని. భారతంలో ఆ మాట లేదు. అక్కడ ఉన్నది శాపం ఒక్కటే. ముందే హామీ ఉంటే కాపలా కాయడం తేలికవుతుంది. పరీక్ష రాయకముందే పాసని తెలిసినట్టు. ఏ హామీ లేకుండా, ఎవరూ మెచ్చుకోకుండా, క్షమ దొరుకుతుందో లేదో తెలియకుండా నిలబడడమే కష్టం. ఇంకోటి, సినిమాలో అతను ఎక్కువసేపు కొడుతూనే ఉంటాడు. ఉపపాండవుల పేరు అతని నోట ఒక్కసారి నిండుగా వినాలని నాకు అనిపించింది. రెండో భాగంలోనైనా ఆ మాట్లాడే సీన్ ఉంటే బాగుండు.

మన పెద్దలు అతన్ని వదిలేయలేదు

"సినిమావాళ్లు పురాణాన్ని మార్చేశారు, పాపిని హీరో చేశారు" అని కోపం వచ్చినవాళ్లకి ఒక విషయం గుర్తు చేయాలి. అశ్వత్థామకి భవిష్యత్తు ఇచ్చింది మొదట సినిమా కాదు, పురాణాలే. విష్ణు పురాణం, భాగవతం రాబోయే మన్వంతరాల గురించి చెప్తూ, ఎనిమిదోదైన సావర్ణి మన్వంతరంలో సప్తర్షులు ఎవరో చెప్తాయి. అందులో ద్రోణుడి కొడుకు పేరుంది. నిద్రపోతున్న పిల్లల్ని చంపినవాడు ఋషి అవుతాడట! ఎలా అవుతాడు, మధ్యలో ఏం జరిగింది అన్నది అక్కడ చెప్పలేదు. ఆ ఖాళీలోనే సినిమా తన కథ అల్లుకుంది అనిపించింది నాకు.

ఇంకా దగ్గరి విషయం. కొన్ని ఇళ్లల్లో పుట్టినరోజు నాడు పిల్లల చేత సప్త చిరంజీవుల శ్లోకం చదివిస్తారు. అందులో మొట్టమొదటి పేరు అశ్వత్థామది. బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు ఆ తర్వాతే. పసిపిల్లల్ని చంపినవాడి పేరు పసిపిల్లల పుట్టినరోజున ఎందుకు? ఆయుష్షు కోసం అని చెప్తారు. నేను దాన్ని ఇంకోలా కూడా తీసుకుంటున్నాను. ఆ పేరు పలికినప్పుడల్లా, ఎక్కువ కాలం బతకడం దానంతట అది వరం కాదని, ఆ కాలాన్ని దేనికి వాడుతున్నామన్నదే లెక్క అని పిల్లలకి గుర్తు చేసుకోవచ్చు.

మధ్యప్రదేశ్‌లో బుర్హాన్‌పూర్ దగ్గర అసీర్‌గఢ్ కోటలో ఒక శివాలయం ఉంది. అశ్వత్థామ ఇప్పటికీ తెల్లవారుజామున వచ్చి అక్కడ శివుడికి పువ్వులు పెట్టి వెళ్తాడని చుట్టుపక్కలవాళ్ల నమ్మకం. నిజమో కాదో పక్కన పెడితే, ఆ నమ్మకంలో ఎంత దయ ఉందో చూడండి. అంత పాపం చేసినవాణ్ణి కూడా జనం పువ్వులు పట్టుకున్నట్టే ఊహించుకున్నారు. కత్తి పట్టుకున్నట్టు కాదు.

మనకేంటి దీంతో?

మనలో ఎవరూ బ్రహ్మాస్త్రాలు వదల్లేదు. కానీ వెనక్కి తీసుకోలేనివి వదిలినవాళ్లం చాలామందిమి ఉంటాం. కోపంలో పంపిన ఒక మెసేజ్, ఒకరి పరువు తీసిన ఒక స్క్రీన్‌షాట్, అమ్మానాన్నలతో అన్న ఒక మాట. డిలీట్ కొట్టినా అవతలివాళ్ల మనసులోంచి పోవు. అశ్వత్థామలాగే మనకీ వదలడం తెలుసు, ఆపడం రాదు.

ఇలాంటివాళ్లు అప్పుడప్పుడు మమ్మల్ని అడుగుతుంటారు. ఏ స్తోత్రం ఎన్నిసార్లు చదివితే ఆ పాపం పోతుందని. స్తోత్రం చదవండి, తప్పకుండా చదవండి. మనసు నిలబడడానికి అది కావాలి. కానీ స్తోత్రం చదివాక లేచి వెళ్లాల్సిన చోటు ఒకటి ఉంటుంది. మాటతో గాయం చేస్తే మాటతోనే వెళ్లాలి. డబ్బు దగ్గర మోసం చేస్తే ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి, హుండీలో కాదు, ఆ మనిషి చేతిలో. ఆ మనిషి మొహం చూడనంటే, అదే బాధలో ఉన్న ఇంకొకరికి ఉపయోగపడాలి. ఆ మనిషి క్షమిస్తారా లేదా అన్నది మన చేతిలో లేదు. అడగడం వరకే మన వంతు.

దెబ్బ తిన్నవైపు ఉన్నవాళ్లకి కూడా ఒక మాట. మీరు భారతంలో ద్రౌపదిలా ఉండొచ్చు, భాగవతంలో ద్రౌపదిలా ఉండొచ్చు. రెండిటికీ మన గ్రంథాల్లో చోటుంది. ఎవరి తొందర కోసమో మీ మనసుని తొందర పెట్టుకోకండి.

చివరిగా పరీక్షిత్తు సంగతి. అస్త్రం తగిలి చనిపోయి పుట్టిన ఆ బిడ్డని కృష్ణుడు బతికించాడు. ఆయుధంతో కాదు, నేను ఎన్నడూ అసత్యం ఆడనివాణ్ణయితే ఈ బిడ్డ బతకాలని తన సత్యం మీద ఒట్టు పెట్టి. ఆ బిడ్డ పెద్దవాడై రాజయ్యాడు. ఆఖరి ఏడు రోజుల్లో శుకమహర్షి ముందు కూర్చుని భాగవతం విన్నాడు. అతను అడిగాడు కాబట్టే మనకి ఆ కథ దక్కింది. ఆ రోజు అస్త్రం పని పూర్తయి ఉంటే ద్రౌపది క్షమ గురించి మనం ఈరోజు చదువుకునేవాళ్లం కూడా కాదు.

వచ్చే వారం వీడియోలో ఆ పరీక్షిత్తు కథే చెప్పుకుందాం. అప్పటిదాకా వీలైతే మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చిరంజీవుల్లో అశ్వత్థామ పేరే ముందు ఎందుకు అని. ఒక్కొక్కరు ఒక్కో సమాధానం చెప్తారు. ఓపిగ్గా వినండి.

సెలవు. శుభం.